కారు బానెట్ కింద ఏ ఎలక్ట్రికల్ భాగం ఎక్కడుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పినవన్నీ ముఖ్యంగా మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే చిన్న పెట్రోల్ కార్ల గురించి. అంటే ఇంజిన్ బానెట్ కింద అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పే హ్యాచ్‌బ్యాక్‌లు, చిన్న సెడాన్‌లు, కాంపాక్ట్ ఎస్‌యూవీలు. డీజిల్, సీఎన్‌జీ, హైబ్రిడ్ బండ్ల సంగతి అవసరమైన చోట చెప్పాను. మోడల్ మారితే ఒక సెన్సార్ జానెడు అటో ఇటో జరుగుతుంది గానీ దాని పని మారదు. పని ఎక్కడ జరుగుతుందో భాగం కూడా అక్కడే ఉండాలి. అందుకే బొమ్మ బట్టీ పట్టించడం కన్నా వెతికే పద్ధతి మీదే ఎక్కువ రాశాను.

బానెట్ ఎత్తే ముందు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఇగ్నిషన్ ఆపి తాళం చెవి జేబులో వేసుకోండి. పుష్ బటన్ స్టార్ట్ అయితే ఆ కీని బండికి దూరంగా పెట్టండి. ఇంజిన్ చల్లారనివ్వండి. చేతికున్న ఉంగరం, కడియం, స్టీలు గొలుసు వాచీ తీసేయండి. బ్యాటరీ ప్లస్‌కీ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే షాక్ కొట్టదు, 12 వోల్టులకు షాక్ ఉండదు. కానీ వందల యాంప్‌ల కరెంట్ ఆ ఉంగరంలోంచి పోయి క్షణంలో అది ఎర్రగా కాలుతుంది. చున్నీ, పొడుగు చేతుల చొక్కా లాంటివి బెల్టుకి దూరంగా ఉంచాలి. రేడియేటర్ ఫ్యాన్ కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా తనంతట తానే తిరుగుతుంది, దాని రెక్కల మధ్య వేలు పెట్టకండి.

ఇంకొకటి: ఏదైనా ఊడదీసే ముందు ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోండి. ఏ వైరు దేని మీదుగా వెళ్లిందో గంట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మాన్యువల్‌లో 'ఎడమ వైపు' అంటే ఎవరి ఎడమ? బానెట్ ముందు నిలబడితే తారుమారవుతోంది.

డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తే ఏది ఎడమో అదే కారుకి ఎడమ. మన దేశంలో స్టీరింగ్ కుడి వైపు కాబట్టి కారు ఎడమ అంటే పక్క సీటు వైపు. మీరు బానెట్ ముందు నిలబడి ఇంజిన్‌ను చూస్తుంటే అది మీ కుడి చేతి వైపు వస్తుంది.

అసలు చిక్కు వీడియోలతో. అమెరికాలో తీసిన వీడియోలో 'డ్రైవర్ సైడ్' అన్నాడంటే అది కారు ఎడమ వైపు, మనకు పాసింజర్ సైడ్. అక్కడుండే మనవాళ్లు ఇక్కడి మెకానిక్‌కి ఫోన్ చేసి సలహా అడిగినప్పుడూ ఇదే గందరగోళం. 'డ్రైవర్ వైపు, పాసింజర్ వైపు' అనే మాటలు పక్కనపెట్టి 'బెల్టు వైపు, గేర్‌బాక్స్ వైపు' అనండి. ఏ దేశంలోనైనా అర్థం ఒకటే.

ఆ రెండు వైపులూ ఎలా గుర్తుపట్టాలి?

ఇంజిన్ పక్కన నల్లటి రబ్బరు బెల్టు, పుల్లీలు కనిపించేదే బెల్టు వైపు. అడ్డంగా కూర్చున్న ఇంజిన్లలో చాలావాటికి ఇది కారు కుడి వైపు ఉంటుంది, అంటే మీరు ముందు నిలబడితే మీ ఎడమ చేతి వైపు. దానికి ఎదురు కొసన గేర్‌బాక్స్. దాని పైన ఉండే ఖాళీలోనే చాలా కంపెనీలు బ్యాటరీ పెడతాయి. ఈ రెండు కొసలు తెలిస్తే సగం వెతుకులాట అయిపోయినట్టే: ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), ఏసీ కంప్రెసర్ బెల్టు వైపు ఉంటాయి, సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ను స్టార్ట్ చేసేది) గేర్‌బాక్స్ వైపు ఉంటుంది.

వెతకడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఎప్పుడూ బ్యాటరీ నుంచే. అక్కడి నుంచి లావు వైర్లను కంటితో అనుసరించండి.

ప్లస్ టెర్మినల్ మీద ఎర్ర మూత ఉంటుంది. దాని నుంచి ఒక లావు కేబుల్ కిందికి, గేర్‌బాక్స్ పక్కకి దిగుతుంది. అది సెల్ఫ్ మోటార్‌కి. ఇంకొకటి పక్కనే ఉన్న నల్ల ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్తుంది. అది ఫ్యూజ్ బాక్స్. మూడోది ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది, కొన్ని బండ్లలో నేరుగా, కొన్నిటిలో ఫ్యూజ్ బాక్స్ మీదుగా బ్యాటరీకి చేరుతుంది. మైనస్ నుంచి ఒక నల్ల కేబుల్ బాడీకి, ఇంకొకటి ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో బోల్టు అవుతాయి. ఈ నాలుగైదు కేబుళ్లు ఎక్కడికి పోతున్నాయో ఒక్కసారి చూసుకుంటే బానెట్ కింద ఉన్న పెద్ద భాగాలన్నీ దొరికినట్టే.

బ్యాటరీ కనబడకపోతే కంగారుపడకండి. కొన్ని కార్లలో డిక్కీలోనో సీటు కిందో ఉంటుంది. అలాంటప్పుడు బానెట్ కింద ఎర్ర మూతతో ఒక ప్లస్ పాయింటు విడిగా ఇస్తారు.

బ్యాటరీ బాగుందో లేదో కూడా ఇక్కడే తేల్చుకోండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12.2 అంటే సగం ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 కన్నా బాగా కిందికి పడిపోతుంటే బ్యాటరీ నీరసించింది, లేదా టెర్మినల్ దగ్గర చిలుము పట్టింది. ఇంజిన్ ఆడుతున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి.

బ్యాటరీ ఊడదీయాల్సి వస్తే ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, ఆఖర్న మైనస్. స్పానర్ బాడీకి తగిలినా నిప్పురవ్వ రాకుండా ఉండటానికే ఈ వరస.

ఫ్యూజ్ బాక్స్ ఒకటేనా?

రెండు. బానెట్ కింద ఒకటి, కారు లోపల స్టీరింగ్ కిందో గ్లవ్ బాక్స్ వెనకో ఇంకొకటి. ఎక్కువ కరెంట్ లాగేవి, ఇంజిన్‌కి సంబంధించినవి బయటి బాక్స్‌లో: రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్లు, హారన్, ఏబీఎస్, ఫ్యూయల్ ఇంజెక్షన్. పవర్ విండోలు, మొబైల్ చార్జర్ సాకెట్, స్టీరియో, లోపలి లైట్లు సాధారణంగా లోపలి బాక్స్‌లో ఉంటాయి.

మూత తీసి తిరగేస్తే లోపలి వైపు పటం ఉంటుంది. పొట్టి అక్షరాలతో రాసి ఉండటం వల్ల చాలామంది దాన్ని వదిలేస్తారు. ఐజీ అని మొదలైతే ఇగ్నిషన్, ఎస్‌టీ అంటే సెల్ఫ్, ఎఫ్ఐ లేదా ఈఎఫ్ఐ అంటే ఇంజెక్షన్, ఎఫ్/పీ అంటే ఫ్యూయల్ పంప్, హెచ్/ఎల్ అంటే హెడ్‌లైట్. పక్కనే ఎల్, ఆర్ ఉంటే కారు ఎడమ, కారు కుడి.

ఫ్యూజుల రంగులకు అర్థం ఉందా?

ఉంది. బ్లేడు రకం ఫ్యూజుల్లో దాదాపు అన్ని కంపెనీలూ ఒకే లెక్క పాటిస్తాయి: లేత గోధుమ రంగు 5 యాంప్, ముదురు గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, తెలుపు లేదా పారదర్శకం 25, ఆకుపచ్చ 30. మీద అంకె కూడా అచ్చువేసి ఉంటుంది.

10 పోతే 10 మాత్రమే వేయాలి. 'ప్రస్తుతానికి 20 వేద్దాం సార్' అన్నవాడి దగ్గర బండి వదలకండి. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. బండికి నిప్పంటుకునే దారుల్లో అదొకటి.

ఫ్యూజు పోయిందో లేదో ఊడదీయకుండా తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఫ్యూజు పై అంచున రెండు చిన్న లోహపు చుక్కలు కనబడతాయి, మీటర్ పెట్టి చూడటానికే అవి. ఇగ్నిషన్ ఆన్ చేసి, మీటర్ నల్ల వైరును బ్యాటరీ మైనస్‌కి పెట్టి, ఎర్ర వైరును ఒక్కో చుక్కకీ ఆనించండి. రెండిటి దగ్గరా 12 వోల్టులు వస్తే ఫ్యూజు బాగుంది. ఒకవైపు వచ్చి ఇంకోవైపు రాకపోతే పోయింది. రెండు వైపులా రాకపోతే ఫ్యూజు తప్పు కాదు, దానిదాకా కరెంటే రావడం లేదు. అప్పుడు దాని ముందున్న రిలేనో మెయిన్ ఫ్యూజునో చూడాలి.

కొత్త ఫ్యూజు వేయగానే మళ్లీ పోయిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. ఆ చోటు దొరికేదాకా ఇంకో ఫ్యూజు పాడు చేయకండి.

రిలే ఎలా ఉంటుంది? ఏది దేనిదో ఎలా తెలుస్తుంది?

ఫ్యూజ్ బాక్స్‌లో చిన్న ఘనంలా ఉండే నల్ల, బూడిద, కొన్నిసార్లు పసుపు రంగు డబ్బీలు రిలేలు. తక్కువ కరెంట్‌తో ఎక్కువ కరెంట్‌ను ఆన్ చేసే స్విచ్ అనుకోండి. మీరు హారన్ నొక్కితే ఆ బటన్‌లోంచి పోయేది కొద్దిపాటి కరెంటే. హారన్‌కి కావలసిన కరెంట్ రిలే మీదుగా బ్యాటరీ నుంచి వెళ్తుంది.

చాలా రిలేల అడుగున 30, 85, 86, 87 అని అంకెలు ఉంటాయి. జర్మన్ ప్రమాణం డీఐఎన్ 72552 నుంచి వచ్చిన అంకెలవి. 85, 86 మధ్య లోపల కాయిల్. 30కి బ్యాటరీ కరెంట్ వస్తుంది, కాయిల్ లాగినప్పుడు అది 87కి అందుతుంది. ఐదో కాలు 87ఎ ఉంటే, రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు 30 దానితో కలిసి ఉంటుంది. జపాన్, కొరియా కంపెనీల బండ్లలో అంకెలు, కాళ్ల అమరిక వేరుగా ఉండొచ్చు. అలాంటప్పుడు రిలే పక్కన అచ్చువేసిన చిన్న బొమ్మను నమ్మండి.

ఏ రిలే పనిచేస్తోందో తెలుసుకోవడానికి వేలు ఆనించి, ఇంకొకరిని స్విచ్ వేయమనండి. టక్ మన్నది తెలుస్తుంది. అనుమానం ఉంటే అదే పార్ట్ నంబరున్న పక్క రిలేతో మార్చి చూడొచ్చు. హారన్ రిలే ఇలాంటి పరీక్షలకి బాగా పనికొస్తుంది. నంబరు వేరైతే మాత్రం మార్చకండి. టక్ మన్నంత మాత్రాన రిలే మంచిదనీ కాదు. లోపలి కాంటాక్టులు కాలిపోతే శబ్దం వస్తుంది, కరెంట్ అవతలికి చేరదు.

సెల్ఫ్ మోటార్ ఎక్కడ?

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే అతుకు దగ్గర. ఎందుకంటే దాని చిన్న పళ్ల చక్రం ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పళ్లను పట్టుకుని తిప్పాలి, ఫ్లైవీల్ ఉండేది ఆ అతుకులోనే. కొన్ని బండ్లలో రేడియేటర్ వైపు పైనుంచే కనిపిస్తుంది. కొన్నిటిలో వెనక వైపు, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద దాక్కుంటుంది, అప్పుడు బండి లిఫ్ట్ మీద పెట్టాల్సిందే.

దొరకడానికి తేలిక గుర్తు: బ్యాటరీ ప్లస్ నుంచి దిగిన లావు కేబుల్ ఎక్కడ నట్టుతో బిగించి ఉందో అదే. మోటార్ మీద కూర్చున్న చిన్న గొట్టం సోలనాయిడ్. దానికి ఇంకో సన్నటి వైరు కూడా వస్తుంది, తాళం తిప్పినప్పుడు కరెంట్ తెచ్చేది అదే. ఒకే ఒక్క టక్ శబ్దం వచ్చి ఇంజిన్ తిరగకపోతే ముందు బ్యాటరీ టెర్మినళ్లు, తర్వాత ఈ లావు కేబుల్ నట్టు, ఆ తర్వాతే సెల్ఫ్. అసలు శబ్దమే రాకపోతే సన్న వైరు, రిలే, క్లచ్ పెడల్ స్విచ్, ఆటోమేటిక్ అయితే గేర్ పొజిషన్ స్విచ్ వైపు చూడాలి.

చిన్న మైల్డ్ హైబ్రిడ్ బండ్లలో బెల్టుతో తిరిగే స్టార్టర్ జెనరేటర్ కూడా ఉంటుంది. చూడటానికి కాస్త పెద్ద ఆల్టర్నేటర్‌లా ఉండి అదే చోట కూర్చుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను శబ్దం లేకుండా మళ్లీ లేపేది అదే.

ఆల్టర్నేటర్?

బెల్టు వైపు వెళ్లండి. వెండి రంగులో, చీలికలున్న అల్యూమినియం గుండ్రటి డబ్బా, లోపల రాగి తీగలు కనిపిస్తాయి. అదే. దాని పక్కనే అదే బెల్టు మీద ఉండి, రెండు లోహపు పైపులు వచ్చి చేరేది ఏసీ కంప్రెసర్. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ రెండిటి దగ్గరే: పైపులుంటే కంప్రెసర్, చీలికలుంటే ఆల్టర్నేటర్.

ఆల్టర్నేటర్ వెనక రబ్బరు టోపీ కింద ఉన్న లావు బోల్టుకి ఇంజిన్ ఆపినా కరెంట్ ఉంటుంది. బ్యాటరీ మైనస్ ఊడదీయకుండా అక్కడ స్పానర్ పెట్టొద్దు. ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్ పనిచేస్తోందా అని చూసే పాత పద్ధతి కార్బ్యురేటర్ రోజుల నాటిది. ఇప్పటి బండిలో అలా చేస్తే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోవచ్చు.

కొత్త బండ్లలో చార్జింగ్‌ను కంప్యూటరే నడిపిస్తుంది, బ్యాటరీ నిండుగా ఉంటే వోల్టేజ్ తగ్గిస్తుంది. మీటర్‌లో 13 కన్నా తక్కువ కనబడిందని వెంటనే ఆల్టర్నేటర్ మార్చేయకండి. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి మళ్లీ చూడండి.

ఇగ్నిషన్ కాయిల్స్, ఒకటో సిలిండర్ ఎక్కడ?

ఇంజిన్ నడినెత్తిన వరసగా మూడో నాలుగో నల్లటి ముక్కలు, ఒక్కోదానికి ఒక కప్లర్, ఒక బోల్టు. అవి కాయిల్స్, ఒక్కోదాని కింద ఒక స్పార్క్ ప్లగ్. పైన ప్లాస్టిక్ కవర్ ఉంటే ముందు దాన్ని ఎత్తాలి, మామూలుగా రబ్బరు గుండీల మీద కూర్చుని ఉంటుంది.

ఒకటో సిలిండర్ చాలావాటిలో బెల్టు వైపు ఉంటుంది, అక్కడి నుంచి గేర్‌బాక్స్ వైపుకి లెక్క. తప్పుల కోడ్‌లు చదివే స్కానర్‌లో పి0302 వచ్చిందంటే రెండో సిలిండర్‌లో మిస్ ఫైర్. రెండో కాయిల్‌ను మూడోదానితో మార్చి చూడండి. కోడ్ పి0303గా మారితే కాయిల్ పోయింది. మారకపోతే ప్లగ్గో ఇంజెక్టరో అనుకోవాలి. పైసా ఖర్చు లేని పరీక్ష, చాలా షాపులు ఇది చేయకుండానే కాయిల్ బిల్లు వేస్తాయి.

ఇన్ని సెన్సార్లలో నాకు కావాల్సింది ఎలా దొరుకుతుంది?

ఆ సెన్సార్ దేన్ని కొలుస్తుందో అడగండి. అది ఉన్నచోటే సెన్సార్ ఉంటుంది, వేరే చోట ఉండటానికి వీల్లేదు.

గాలి కొలిచేవి గాలి దారిలో ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్‌కి వెళ్లే లావు గొట్టం పట్టుకుని పోండి. ఫిల్టర్ దాటగానే గొట్టం మీద సెన్సార్ కనిపిస్తే అది ఎయిర్ ఫ్లో సెన్సార్. గొట్టం చివర లోహపు ముక్క, పెద్ద కప్లర్‌తో ఉంటే థ్రాటిల్ బాడీ. దాని తర్వాత ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్ మీద బోల్టుతో బిగించిన చిన్న ముక్క మ్యాప్ సెన్సార్, అంటే మ్యానిఫోల్డ్ లోపలి గాలి ప్రెజర్ కొలిచేది. చాలా చిన్న కార్లలో ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉండదు, మ్యాప్ సెన్సారే గాలి ఉష్ణోగ్రతతో కలిపి ఆ పని చేస్తుంది. అదే చుట్టుపక్కల రెండు సన్న గొట్టాలతో, ఇంజిన్ ఆడుతుంటే టిక్ టిక్ మంటూ ఉండేది పర్జ్ వాల్వ్, ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌కి పంపేది. ఆ శబ్దం విని టెన్షన్ పడనక్కర్లేదు, అది దాని పని.

నీళ్ల వేడి కొలిచేది కూలెంట్ దారిలో. రేడియేటర్ పై గొట్టం ఇంజిన్‌ను తాకే చోట థర్మోస్టాట్ ఇల్లు ఉంటుంది, సాధారణంగా దానికి దగ్గర్లోనే రెండు వైర్ల సెన్సార్. అది పాడైతే ఫ్యాన్ ఆగకుండా తిరగడం, పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం, పెట్రోల్ ఎక్కువ తాగడం ఇవన్నీ చూస్తారు. ఇంత చిన్న, చవక ముక్క వల్ల ఇన్ని తలనొప్పులు వస్తాయంటే నమ్మబుద్ధి కాదు.

తిరిగేవాటిని కొలిచేవి: క్రాంక్ సెన్సార్ కింద, క్రాంక్ పుల్లీ వెనకో ఫ్లైవీల్ దగ్గరో. క్యామ్ సెన్సార్ పైన, సిలిండర్ హెడ్ ఒక కొసన. క్రాంక్ సెన్సార్ పూర్తిగా పోతే చాలా బండ్లు సెల్ఫ్ కొడతాయి గానీ స్టార్ట్ కావు. వేడెక్కినప్పుడు ఆగిపోయి చల్లారాక స్టార్ట్ అయ్యే బండిలో ముందు దీన్నే అనుమానించాలి.

నాక్ సెన్సార్ ఇంజిన్ బ్లాకు నడుముకి బోల్టుతో, ఎక్కువగా మ్యానిఫోల్డ్ కింద. ఆయిల్ ప్రెజర్ స్విచ్ ఆయిల్ ఫిల్టర్ దగ్గర, చాలావాటికి ఒకే ఒక్క వైరు. ఆక్సిజన్ సెన్సార్లు సైలెన్సర్ దారిలో: స్పార్క్ ప్లగ్‌లా మరతో బిగించి నాలుగు వైర్ల తోకతో ఉంటాయి. క్యాటలిటిక్ కన్వర్టర్‌కి (పొగను శుభ్రం చేసే డబ్బా) ముందున్నది సెన్సార్ 1, తర్వాతది సెన్సార్ 2. మూడు, నాలుగు సిలిండర్ల వరస ఇంజిన్‌కి బ్యాంక్ (సిలిండర్ల వరస) ఒక్కటే. కాబట్టి 'బ్యాంక్ 1' చూసి బ్యాంక్ 2 కోసం వెతక్కండి.

వైర్ల లెక్క కూడా ఆనవాలే. రెండు వైర్లుంటే ఉష్ణోగ్రత సెన్సారో ఇంజెక్టరో కావచ్చు, మూడుంటే ప్రెజర్ లేదా పొజిషన్ సెన్సార్, నాలుగుంటే ఆక్సిజన్ సెన్సార్ లేదా ఉష్ణోగ్రతతో కలిసిన మ్యాప్ సెన్సార్.

ఒకేసారి నాలుగు సెన్సార్ల కోడ్‌లు వచ్చాయి. నాలుగూ పోయాయా?

నాలుగూ ఒకే రోజు పోవడం చాలా అరుదు. ప్రెజర్, పొజిషన్ సెన్సార్లలో చాలావాటికి ఈసీయూ 12 కాకుండా 5 వోల్టులు ఇస్తుంది, అదే సరఫరా చాలావాటికి ఉమ్మడి. ఒక్క వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలినా, ఒక్క సెన్సార్ లోపల షార్ట్ అయినా ఆ లైన్ మీద ఉన్నవన్నీ గగ్గోలు పెడతాయి. కప్లర్లు ఒక్కొక్కటీ తీస్తూ 5 వోల్టులు ఎప్పుడు తిరిగొస్తాయో చూస్తే దోషి దొరుకుతుంది. ఇంకో కారణం ఎర్త్.

ఎర్త్ పాయింట్లు ఎక్కడుంటాయి? వాటికి అంత ప్రాధాన్యం ఎందుకు?

బ్యాటరీ ట్రే కింద బాడీ మీద ఒకటి, గేర్‌బాక్స్ మీద ఒకటి, ఇంజిన్ హెడ్ నుంచి బాడీకి అల్లిన తీగ ఒకటి, హెడ్‌లైట్ల వెనక లోపలి గోడలకి చెరొకటి. రంగు గీకిన లోహం మీద బోల్టుతో బిగించిన నల్ల వైర్ల గుత్తి కనిపిస్తే అది ఎర్త్. జర్మన్ కంపెనీల బండ్లలో ఎర్త్ వైరు సాధారణంగా గోధుమ రంగులో ఉంటుంది.

వెళ్లిన కరెంట్ తిరిగి బ్యాటరీకి చేరేది బాడీ మీదుగానే. ఆ బోల్టు తుప్పు పడితే కరెంట్ దొడ్డిదారులు వెతుక్కుంటుంది. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ మసకబారడం, హారన్ కొడితే మీటర్ ముల్లు ఊగడం లాంటి వింతలన్నీ ఇందువల్లే. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ బోల్టులు ఇంకా త్వరగా పాడవుతాయి. సెల్ఫ్ కొడుతుండగా మీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ఇంజిన్ లోహానికి పెట్టండి. అర వోల్టు దాటితే ఎర్త్ వైరు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి. నా లెక్కలో అర్థం కాని ప్రతి ఎలక్ట్రికల్ జబ్బుకీ మొదటి వైద్యం ఇదే.

ఈసీయూ ఎక్కడ?

కొన్ని కంపెనీలు బ్యాటరీ పక్కనో ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కనో పెడతాయి: అల్యూమినియం పలక, దానికి లివర్‌తో బిగించిన ఒకటి రెండు పెద్ద కప్లర్లు. కొన్ని డ్యాష్‌బోర్డ్ కింద, పక్క సీటు వాళ్ల కాళ్ల దగ్గర దాస్తాయి. బ్రేక్ పైపులు ఆరు దాకా వచ్చి చేరే లోహపు దిమ్మను చూసి ఈసీయూ అనుకుంటారు కొందరు, అది ఏబీఎస్ యూనిట్. బల్బు ఉన్న పాత టెస్ట్ ల్యాంప్‌తో ఈసీయూ వైర్లను పొడవకండి, మల్టీమీటర్ మాత్రమే వాడాలి.

ఫ్యూయల్ పంప్ బానెట్ కింద కనబడటం లేదే?

అది పెట్రోల్ ట్యాంకులో ఉంటుంది, చాలా బండ్లలో వెనక సీటు కింద మూత తీస్తే దొరుకుతుంది. బానెట్ కింద ఉండేవి మామూలుగా దాని ఫ్యూజు, రిలే.

హారన్, వాషర్ మోటార్?

హారన్ గ్రిల్ వెనక, లేదా బంపర్ లోపల. వాషర్ మోటార్ నీళ్ల డబ్బా అడుగున ఉంటుంది. డబ్బా మూతి మాత్రమే పైకి కనబడుతుంది కాబట్టి మోటార్ కోసం చక్రం లోపలి ప్లాస్టిక్ లైనర్ తీయాల్సి రావచ్చు.

కప్లర్ ఎంత లాగినా రావడం లేదు.

వైర్లు పట్టి లాగకండి. ప్రతి కప్లర్‌కీ ఒక నొక్కుడు తాళం ఉంటుంది, కొన్నిటికి దాని మీద ఎర్రదో పసుపుదో ఇంకో గడియ. ముందు ఆ గడియ జరపాలి, తర్వాత నొక్కాలి. ఇంకా రాకపోతే ముందు లోపలికి కాస్త నెట్టి, నొక్కి, అప్పుడు లాగండి. పాత బండిలో ఇంజిన్ వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే విరుగుతుంది. లోపల పచ్చటి చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చేసి ఆరనివ్వండి.

ఎలుకలు వైర్లు కొరికేశాయి. ఎక్కడెక్కడ చూడాలి?

వెచ్చగా, మూసినట్టు ఉండే చోట్లు: ఇంజిన్ పై ప్లాస్టిక్ కవర్ కింద, బ్యాటరీ ట్రే వెనక, ఇంజెక్టర్ల వైర్లు, డ్యాష్‌బోర్డ్ వైపు గోడకి అంటించిన మెత్తటి దళసరి పొర వెనక. పెంట, పీచు, మామిడి టెంక కనబడితే ఆ చుట్టుపక్కల వైర్లన్నీ వేలితో తడిమి చూడండి. పై తొడుగు పోయి రాగి కనిపించే వైరు తెగిన వైరు కన్నా ప్రమాదం, ఎందుకంటే బండి మామూలుగానే నడుస్తూ ఏదో ఒకరోజు షార్ట్ అవుతుంది.

అతుకు వేయించేటప్పుడు సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయమనండి. మెలిపెట్టి టేప్ చుడితే మొదటి వానాకాలం దాటదు. పొగాకు, నాఫ్తలీన్ ఉండలు పెట్టేవాళ్లున్నారు. వాసన తగ్గగానే ఎలుక తిరిగొస్తుంది. వారాల తరబడి బండి కదలకుండా ఉంచకపోవడం, పార్కింగ్ దగ్గర తిండి పడేయకపోవడం వాటికన్నా మేలు.

వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్‌కి ప్రెజర్ కొట్టించవచ్చా?

వద్దు. తడి గుడ్డతో తుడవండి. తప్పదనుకుంటే ఫ్యూజ్ బాక్స్, ఆల్టర్నేటర్, కాయిల్స్, ఈసీయూ, ఎయిర్ ఫిల్టర్ మూతికి ప్లాస్టిక్ కవర్లు కట్టించండి. సర్వీసింగ్ అయిన సాయంత్రమే బండి మిస్ అవుతోందంటే ముందు కాయిల్స్ ఎత్తి ప్లగ్ గుంటల్లో నీళ్లున్నాయేమో చూడాలి.

మా బండికి సీఎన్‌జీ కిట్ ఉంది, ఫాగ్ లైట్లు కూడా బయట వేయించాం. ఆ వైర్లు పటంలో లేవు.

ఉండవు. బయట వేయించిన కిట్‌కి సొంత ఈసీయూ, సొంత ఇంజెక్టర్లు, బ్యాటరీ దగ్గర వైరు మధ్యలోనే ఒక విడి ఫ్యూజు ఉంటాయి. వేసినవాళ్లనే ఆ ఫ్యూజు ఎక్కడో చూపించమని ఫొటో తీసుకోండి. లైట్ల సంగతికొస్తే, ఫ్యూజూ రిలే లేకుండా నేరుగా హెడ్‌లైట్ వైరు కోసి తగిలించిన పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, దాని తర్వాత రిలే, ఆ తర్వాతే లైటు. ఇలా లేకపోతే మళ్లీ వేయించండి.

ఆరెంజ్ రంగు లావు కేబుళ్లు ఉన్నాయి, ముట్టుకోవచ్చా?

ముట్టుకోకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో ఆ రంగు హై వోల్టేజ్‌కి గుర్తు, వందల వోల్టులు ఉంటాయి. అక్కడ ఇంటి వైద్యం ప్రాణానికి ముప్పు. వాటిలోనూ విడిగా ఒక మామూలు 12 వోల్టుల బ్యాటరీ, దాని ఫ్యూజులు ఉంటాయి. లైట్లు, హారన్, సెంట్రల్ లాకింగ్ వాటి మీదే నడుస్తాయి కాబట్టి మీరు చూసుకోగలిగింది అంతవరకే.

బొలెరో, ఇన్నోవా, ఈకోలకు కూడా ఇదే వర్తిస్తుందా?

బొలెరో, ఇన్నోవా క్రిస్టాల్లో ఇంజిన్ నిలువుగా ఉంటుంది: బెల్టు రేడియేటర్ వైపు, గేర్‌బాక్స్ కారు లోపలి వైపు. కాబట్టి ఆల్టర్నేటర్ ముందు, సెల్ఫ్ వెనక కింద. ఈకోలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, సీటు ఎత్తితే గానీ ఏదీ కనబడదు. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ ఉండవు. హెడ్‌లో గ్లో ప్లగ్గులు, వాటికో రిలే లేదా కంట్రోలర్ ఉంటాయి. కామన్ రైల్ డీజిల్ ఇంజెక్టర్ల కప్లర్లను ఇంజిన్ ఆడుతుండగా తీయకండి, వాటికి వెళ్లే వోల్టేజ్ 12 కన్నా చాలా ఎక్కువ.

బ్యాటరీ డౌన్ అయితే జంపర్ కేబుల్ ఏ వరసలో పెట్టాలి?

ఎర్ర కేబుల్ ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, ఆఖరి కొస డౌన్ అయిన బండి ఇంజిన్‌పై రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, చివరి రవ్వ దాని దగ్గర పడకూడదు. స్టార్ట్ స్టాప్ ఉన్న బండ్లలో మైనస్ టెర్మినల్ మీద ఒక సెన్సార్ కూర్చుని ఉంటుంది, అందుకు కూడా నల్ల కొసను బాడీకో ఇంజిన్‌కో పెట్టాలి. స్టార్ట్ అయ్యాక తీసేటప్పుడు ఇదే వరస వెనక నుంచి.